మౌనిగారి కడుపులో నాలుగు పళ్ళు

ఊళ్ళో ఎన్ని నోళ్ళలో తన చేతిపని నవ్వుతోందో పళ్ళాయనకే తెలీదు. బస్సులో ఎదురుసీటు పెద్దమనిషి ఆవులిస్తే చాలు, కళ్ళు చిట్లించి చూసి, "అది నాదే. కుడి కోరపన్ను కాస్త పక్కకి వాల్చాను, నిజం పన్నులా ఉంటుందని" అని భార్య చెవిలో ఊదేవాడు. "మెల్లిగా అనండి, పాపం ఆయన నోరు మూసేసుకుంటాడు" అనేది ఆవిడ. పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రి వెనకగదిలో, ప్లాస్టరు దుమ్ములో, కరిగిన మైనం వాసనలో ముప్ఫై రెండేళ్ళు కూర్చుని కట్టుడు పళ్ళు చేసిన మనిషి. ఆ ముప్ఫై రెండేళ్ళలో ముందుగదిలోని డాక్టరుగారికి పేరొచ్చింది, వెనకగదిలోని ఈయనకి నడుంనొప్పి వచ్చింది.

అలాంటి మనిషి పళ్ళు, పై వరసలో ముందు నాలుగు, తన చేత్తో తను చేసుకున్నవే, ఒక బుధవారం పొద్దున పదిన్నరకి ఓ తాబేలు కడుపులోకి వెళ్ళిపోయాయి. అవి బయటికి రాకపోతే తాబేలు చచ్చిపోతుంది. లోపల ఉన్నాయని చెప్తే తను సిగ్గుతో చచ్చిపోతాడు. పద్దెనిమిది రోజులపాటు ఈ రెండు చావుల మధ్యా నిలబడి ఆయన నోరు విప్పలేదంటే మనిషి చెడ్డవాడని కాదు. సిగ్గు అలాంటిది.

ఆ తాబేలు మామూలు తాబేలు కూడా కాదు. దక్షిణ అమెరికాలో, ఆకులు కుళ్ళి టీ డికాక్షన్‌లా నల్లబడ్డ నీళ్ళ అడుగున, ఎండుటాకుల కుప్పలా కదలకుండా పడుండే జాతి. తల బల్లపరుపుగా, మూడు మూలలుగా, ఎవరో తొక్కేసిన ఆకులా ఉంటుంది. మెడ నిండా చర్మం పీలికలు. చెట్టు బెరడులాంటి డిప్ప. ముక్కు సన్నటి గొట్టం. అడుగున కూర్చునే మెడ చాపి, ఆ గొట్టం కొస మాత్రం నీటిపైకి పెట్టి గాలి పీల్చుకుంటుంది. నోరు ఈ చెంప నించి ఆ చెంప దాకా. మూసుకున్నప్పుడు ఎవరికో జరిగిన అవమానం తలుచుకుని లోలోపల నవ్వుకుంటున్నట్టుంటుంది. జాతి పేరు మాటామాటా అట. ఏడేళ్ళలో మాట కాదు కదా చిన్న చప్పుడైనా చెయ్యలేదు కాబట్టి, పళ్ళాయన దానికి మౌనిగారని పేరుపెట్టి, ఎప్పుడూ "మీరు" అనే పిలిచేవాడు.

మౌనిగారు పళ్ళాయన భార్య సొత్తు. ఊరి నీటి సరఫరా ఆఫీసులో ఆవిడది నీళ్ళు పరీక్షించే ఉద్యోగం. సీసాల్లో వచ్చిన నీటికి రంగుందా వాసనుందా అని చూడడం, ఉంటే పైవాళ్ళ మీద గోల చెయ్యడం. పగలంతా నీటికి రంగు లేకుండా కాపలా కాసి, సాయంత్రం ఇంటికొచ్చి వెనకగదిలో సిమెంటు తొట్టి ముందు కూర్చుని, చక్కటి కుళాయి నీళ్ళలో ఎండుటాకులు నానబెట్టి తన చేత్తోనే వాటిని గోధుమరంగు చేసుకునేది. రంగుచేపల దుకాణాయన దుకాణం మూసేస్తూ మౌనిగారిని కాగితాలతో సహా ఈవిడకి అప్పగించాడు. "అమ్మా, దీని నీళ్ళ సంగతి మీకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు" అన్నాడట. ఆవిడతో జీవితంలో ఎవరూ అంత మంచి మాట అనలేదు. పళ్ళాయనతో సహా.

మౌనిగారు వేటాడరు. వెంటపడరు. చిన్నచేప ఏదైనా దారితప్పి ముక్కు ముందుకొస్తే నోరు ఒక్కసారిగా తెరుస్తారు. నీళ్ళూ, చేపా, ఆకుముక్కా, ఏది ఉంటే అది సర్రున లోపలికి పోతుంది. తరవాత తీరిగ్గా నీళ్ళు మాత్రం బయటికొదులుతారు. నమలడం ఆయన వంశంలో లేదు. అందుకని ఆవిడ వెనకగది తలుపు మీద పలక వేలాడదీసింది: "ఉంగరం, వాచీ, కళ్ళద్దాలు, పెన్ను తీసి లోపలికి రావలెను."

ఓ రోజు ఆవిడ ఇంకో మాట కూడా అంది. "మీ పళ్ళసెట్టు వదులైనట్టుంది. మాట్లాడుతుంటే కదులుతోంది. తొట్టి దగ్గరికెళ్ళేటప్పుడు అదీ తీసేసి వెళ్ళండి."

"పళ్ళు తీసి వెళ్ళాలా?" పళ్ళాయన మొహం ఎర్రబడింది. "నేను చేసిన సెట్టు ఊడిందని ఎవరైనా తిరిగొచ్చారా? ముప్ఫై రెండేళ్ళలో ఒక్కరు?"

"ఊరివాళ్ళ సంగతి కాదు, నేనన్నది మీ సెట్టు గురించి."

"అదీ నేను చేసిందేగా!"

ఆ పూట ఇద్దరూ ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని చెరో గదిలో తిన్నారు. అసలు నిజం ఏమిటంటే ఆయన తన సెట్టు ఒక మధ్యాహ్నం అన్నం తినే వేళలో హడావిడిగా చేసుకున్నాడు. పళ్ళు పట్టుకునుండడానికి రెండు పక్కలా తీగ కొక్కేలుంటాయి. ఊరివాళ్ళ కొక్కేలైతే బొటనవేలికి గుచ్చుకోనంత నున్నగా కొసలు అరగదీసేవాడు. తన సెట్టుకి ఎడమ కొక్కెం కొస అరగదియ్యలేదు. నాలుక తగిలినప్పుడల్లా చురుక్కుమనేది. "రేపు చూద్దాం" అనుకునేవాడు. ఆ రేపుకి ఏడాదిన్నర నిండింది.

ఆ బుధవారం డాక్టరుగారు ఊళ్ళో లేరు, ఆస్పత్రి వెనకగదికి సెలవు. ఆవిడ ఆఫీసుకెళ్ళింది. పళ్ళాయన ఉంగరం తీశాడు, వాచీ తీశాడు, కళ్ళద్దాలు తీశాడు, పలకలో ఉన్నవన్నీ బుద్ధిగా తీసి తొట్టి మీదకి వంగి, డాక్టరుగారి మీద ఫిర్యాదు మొదలుపెట్టాడు. ఫిర్యాదు వినడంలో మౌనిగారిని మించినవాళ్ళు లేరు. మధ్యలో ఎండుటాకుల బుట్ట పక్కకి జరిపాడు. దుమ్ము లేచింది. తుమ్మొచ్చింది.

తుమ్ముతోపాటు నాలుగు పళ్ళూ, వాటిని అమర్చిన గులాబీరంగు పలకతో సహా బయల్దేరి, నీళ్ళలో అటూ ఇటూ ఊగుతూ, మెరుస్తూ, సరిగ్గా మౌనిగారి ముక్కు ముందుకి దిగాయి. చేపపిల్ల కూడా అంత సొగసుగా దిగదు. నోరు తెరుచుకోవడం పళ్ళాయన చూడనే లేదు. మూసుకున్నాక తెలిసింది, తెరుచుకుందని.

"ఉమ్మెయ్యండి," అన్నాడు పళ్ళాయన బతిమాలుతూ. ముందుపళ్ళు లేని నోటికి ఆ మాట సగం గాలే అయింది. "మౌనిగారూ, మీకు పుణ్యముంటుంది, ఉమ్మెయ్యండి."

మౌనిగారు నోటి మూలల నించి నీళ్ళు మాత్రం నింపాదిగా వదిలేసి, ఎప్పటిలాగే చిరునవ్వుతో కూర్చున్నారు.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. అప్పుడు చెప్పుంటే ఓ పూట తిట్లతో పోయేది. కానీ పళ్ళాయన చేతిలో విద్య ఉంది, అదే ముంచింది. సరాసరి ఆస్పత్రికెళ్ళాడు. అలమరలో తన నోటి అచ్చు ఉంది. సాయంత్రం అయిదయ్యేసరికి అచ్చం అలాంటిదే కొత్త సెట్టు చేసుకున్నాడు. ఈసారి రెండు కొసలూ బుద్ధిగా అరగదీశాడు.

ఆవిడ ఇంటికొచ్చి ఆయన మొహం చూసింది. "ఇవాళ కుదురుగా ఉన్నాయే! బాగుచేసుకున్నారా?"

"ఆఁ," అన్నాడు.

"చూశారా, చెప్పిన మాట వింటే ఎంత బావుంటుందో."

ఆ "ఆఁ" దగ్గర తలుపు మూసుకుపోయింది.

తొట్టి పక్కన గోడకి దారంతో కట్టిన నోటుపుస్తకం ఉంది. తేదీ, నీటి వేడి, పులుపు, తిన్నది లేనిది, అన్నీ ఆవిడ గుండ్రటి చేతిరాతతో. శుక్రవారం నాలుగు చేపలు వదిలింది. నాలుగూ మౌనిగారి ముక్కు ముందే షికార్లు కొట్టాయి. ఒకటైతే ఆయన గడ్డం కింది పీలికల్లో దూరి కాసేపు విశ్రాంతి తీసుకుంది. "తినలేదు" అని రాసింది. శనివారం తినలేదు. మంగళవారం తినలేదు. ఆ మాట రాసిన ప్రతిసారీ రాత కాస్త చిన్నదవుతూ వచ్చింది.

పళ్ళాయన తనకి తాను ధైర్యం చెప్పుకున్నాడు. లోపలికి పోయింది బయటికి రాకపోతుందా? రోజూ పొద్దున్నే పాత టీ జల్లెడ పట్టుకుని తొట్టిలో దిగేవాడు. మౌనిగారు విసర్జించినదంతా వడకట్టి, వెలుతురులోకి పట్టుకుని, పుల్లతో కదిపి చూసేవాడు. ఒక రోజు వెనక అలికిడైతే తిరిగి చూశాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, కళ్ళనిండా నీళ్ళతో.

"ఏడేళ్ళలో తొట్టి దగ్గరికొచ్చి ఓ చెంబు నీళ్ళు పోశారా అంటే లేదు. దానికి బాగాలేదనేసరికి ఇంత చేస్తున్నారు! మిమ్మల్ని నేను తప్పుగా అనుకున్నానండీ."

పళ్ళాయన చేతిలో జల్లెడ బరువెక్కింది. "నేనూ మనిషినేగా," అన్నాడు. అని, అంత నీచమైన వాక్యం తన నోట్లోంచి ఎలా వచ్చిందా అనుకున్నాడు. నోటి నిండా కొత్త పళ్ళాయె.

ఆ సాయంత్రం ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసి, "మీ బావగారు మారిపోయారే" అని అరగంట చెప్పింది. ఆయన పక్కగదిలో కూర్చుని, ఎవరో పోయిన మంచిమనిషి గురించి వింటున్నట్టు విన్నాడు.

పదకొండో రోజుకి ఆవిడ తప్పంతా తన నీళ్ళమీద వేసుకుంది. ఆకులు మార్చింది. మళ్ళీ పాత ఆకులే వేసింది. తొట్టినీళ్ళు సీసాలో పట్టి, హ్యాండుబ్యాగులో పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళి, పెద్ద మిషను మీద పరీక్షించబోయింది. పక్కబల్ల గుమాస్తా ఆ సీసా చూసి కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఏ పేట నీళ్ళు మేడమ్ ఇవి? ముందు సరఫరా ఆపించండి! జనం చస్తారు!"

"మా ఇంట్లోవి," అందట ఆవిడ.

"మీ ఇంట్లోనా? మీరే తాగుతున్నారా?"

ఇంకోరోజైతే ఈ సంగతి చెప్పి పడీపడీ నవ్వేది. ఆ రోజు చెప్పింది గానీ నవ్వలేదు. తొట్టి పక్కన పొట్టి స్టూలు మీద కూర్చుని, నీళ్ళలో మోచేతిదాకా చెయ్యి ఉంచి, "నీళ్ళలో ఏ తప్పూ లేదండీ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి నేనేం చేశాను దీన్ని?" అంది. "మీకు తప్ప ఎవరికీ అర్థం కాదు అని ఇచ్చాడాయన. నాకూ అర్థం కావడంలేదు. నా చేతుల్లోనే పోతుందేమో."

పళ్ళాయన నోరు తెరిచాడు. లోపల మాట తయారుగానే ఉంది, నాలుక మీద దాకా వచ్చింది కూడా. "అన్నం తిందువుగాని లే" అని బయటికొచ్చింది.

పళ్ళు పడిపోయాయని చెప్పడం ఇప్పుడాయనకి ఏమంత కష్టం కాదు. పడిపోయి పదకొండు రోజులైందని చెప్పడమే చేతకావడం లేదు. రోజు గడిచేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతోంది. పెరిగేకొద్దీ నోరు ఇంకా బిగుసుకుంటోంది. ఆస్పత్రిలో ఎవరికో కొక్కెం వంచుతూ ఉలిక్కిపడేవాడు. తీగ కొస అరగదీసిందే అరగదీసి, సన్నబడిపోయి విరిగితే మళ్ళీ కొత్తతీగ తీసేవాడు. "ఏమిటయ్యా, కొక్కెం చేస్తున్నావా, సూది చేస్తున్నావా?" అన్నారు డాక్టరుగారు. సూది అన్న మాటకి పళ్ళాయన బల్ల మీద మైనం కరిగించే దీపం పడదోశాడు.

మౌనిగారు సన్నబడ్డారు. మెడ మొదట్లో చర్మం సంచీలా వేలాడింది. ఊపిరి కోసం ముక్కు పైకెత్తడానికి రెండు మూడుసార్లు ప్రయత్నం కావాల్సొచ్చింది. ఆవిడ తొట్టిలో నీళ్ళు రెండు వేళ్ళ మందం తగ్గించింది, ఆయనకి అందేలా.

పద్దెనిమిదో రోజు, శనివారం, తడిగుడ్డలో చుట్టి వెడల్పాటి బేసిన్‌లో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, నిజాయితీ గలది. "ఆంటీ, తాబేళ్ళకి వైద్యం చేశాను గానీ ఈ జాతిని పుస్తకంలో తప్ప చూళ్ళేదు" అని ముందే చెప్పింది. ఎక్స్‌రే తీసింది. తెల్లటి వెలుతురు బల్ల మీద ఫిలిం పెట్టింది.

డిప్ప నీడ మధ్యలో, కడుపు ఉండే చోట, రెండు సన్నటి వంకర గీతలు. పళ్ళు కనపళ్ళేదు, గులాబీ పలకా కనపళ్ళేదు. ప్లాస్టిక్ ఎక్స్‌రేకి అందదు. కనిపించినవి రెండే రెండు తీగ ముక్కలు. ఆ ఒంపులు పళ్ళాయన వేళ్ళకి తెలుసు. ఎడమది ఏదో, కుడిది ఏదో కూడా తెలుసు.

"గాలాలు," అంది డాక్టరమ్మ. "రెండున్నాయి. మీరు వేసిన చేపల్లో ఏదో గాలం మింగిన చేప వచ్చుంటుంది ఆంటీ."

ఆవిడ పళ్ళాయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. "తియ్యొచ్చా?"

"గాలానికి వెనక్కి తిరిగిన ముల్లుంటుంది. నోట్లోంచి లాగితే దారంతా చీరుకుంటూ వస్తుంది. వెనక కాలు ముందుండే మెత్తటి చోట కోసి తియ్యాలి. ఇంత నీరసంగా ఉన్నదాన్ని కొయ్యడమంటే..." డాక్టరమ్మ ఆగింది. "అబద్ధం చెప్పను. సగం సగం. కొయ్యకపోతే మాత్రం ఆ సగం కూడా లేదు. రేపు పదకొండింటికి తీసుకురండి, ఆదివారం హడావిడి ఉండదు."

వాటికి ముల్లు లేదు, అనుకున్నాడు పళ్ళాయన. కొయ్యక్కర్లేదు. ఆ మాట పైకి అనకుండానే బేసిన్ చేతుల్లోకి తీసుకున్నాడు.

బయటికి రాగానే ఆవిడ ఇంటివైపు కాదు, బజారువైపు నడిచింది. బేసిన్ మోస్తూ పళ్ళాయన వెనకాల పరుగు. చేపలామె తన గట్టు మీద కూర్చుని నీళ్ళు చల్లుతోంది. ఏడేళ్ళుగా మౌనిగారికి బతికున్న చిన్నచేపలు ఏరి ఏరి పెట్టేది ఆమే.

"గాలంతో పట్టిన చేపలు ఇచ్చావు!" అంది ఆవిడ. "గాలాలు తియ్యకుండా ఇచ్చావు. కడుపులో రెండున్నాయి. రేపు కోస్తున్నారు దాన్ని."

చేపలామె చెంబు కింద పెట్టింది. "గాలమా? నేనా? మా ఇంట్లో గాలమన్న వస్తువే లేదమ్మా. వల మాది, వల! నా చేప ఒంటిమీద గీతుంటే చూపించు, ఈ కత్తిపీట నీ చేతికిచ్చి పోతా."

"ఎక్స్‌రేలో కనిపించాయి!"

"ఆ ఎక్స్‌రేలో నా పేరు కూడా రాసుందా? ఏడేళ్ళు! వానొచ్చినా వరదొచ్చినా నీ తాబేలుకని నాలుగు చేపలు పక్కన పెట్టాను. నా పిల్లలక్కూడా అంత ఏరి పెట్టలేదు. దానికి ఇదా?"

చుట్టూ జనం చేరారు. పళ్ళాయన బేసిన్ గట్టిగా పొట్టకి హత్తుకుని, "పోనీలే, ఎవరిదో ఒకరిది పొరపాటు..." అన్నాడు.

ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే ఆయన వైపు తిరిగారు. "మీరూరుకోండి!" అంది ఒకావిడ. "నువ్వాగు బాబూ!" అంది రెండో ఆవిడ. ఆయన ఆగాడు. ఆగడం పద్దెనిమిది రోజులుగా బాగా అలవాటైన పని.

వెళ్ళిపోతుంటే వెనక నించి చేపలామె గొంతు వినిపించింది. ఈసారి అరుపు కాదు. "అమ్మా, కోసేది ఏ పొద్దప్పుడు? చెప్పి పో. బతకాలని మొక్కుకుంటా, నా చేపలు కాకపోయినా." ఆవిడ తిరిగి చూళ్ళేదు. పళ్ళాయన తిరిగి చూశాడు. చూసి ఉండాల్సింది కాదు. చేపలామె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

మర్నాడు పదకొండింటికి మౌనిగారిని బల్ల మీద పెట్టారు. నీటి బయట ఆయన మరీ చిన్నగా, పాతబడి, ఎవరో పారేసిన చెప్పులా ఉన్నారు. చిరునవ్వు మాత్రం అలాగే ఉంది. మత్తు సూది సిద్ధమైంది. డాక్టరమ్మ వెనక కాలు పక్కకి లాగి, ఎక్కడ కొయ్యాలో పసుపురంగు మందుతో గీత గీసింది. ఆవిడ గోడకి ఆనుకుని, నోటుపుస్తకం రొమ్ముకి అదుముకుని నిలబడింది. అది ఎందుకు తెచ్చిందో ఆవిడకే తెలీదు.

ఆ పసుపు గీత చూశాక పళ్ళాయన బల్ల దగ్గరికి నడిచాడు.

"ఆగండమ్మా," అన్నాడు.

అందరూ చూశారు. ఆయన రెండు వేళ్ళు నోట్లో పెట్టి, కుడి కొక్కెం వదులుచేసి, సెట్టు బయటికి తీసి, డాక్టరమ్మ కత్తుల పళ్ళెంలో పెట్టాడు. ఠంగుమంది.

"లోపలున్నది దీని అన్న," అన్నాడు. సగం మాటలు గాలికి పోతున్నాయి. "గాలాలు కాదు. నా పళ్ళు. నేనే తుమ్మాను. ఆ బుధవారం. ప్లాస్టిక్ కదా, కనపళ్ళేదు. అవి కొక్కేలు. వెనక్కి ముల్లు లేదు, నోట్లోంచే వస్తుంది, కొయ్యద్దు."

ఆయన భార్య వైపు చూడలేదు. చూసే ధైర్యం ఉంటే మొదటి రోజే చెప్పేవాడు.

"ఎడమ కొక్కెం కొస," అన్నాడు ఇంకా మెల్లిగా, "అరగదియ్యలేదు. దీనికి తీశాను. దానికి తియ్యలేదు. అది ఎక్కడైనా గుచ్చుకుని ఉంటుంది. ముప్ఫై రెండేళ్ళలో అదొక్కటే."

డాక్టరమ్మ సెట్టు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. ఆమెకి నవ్వొచ్చిందో లేదో మాస్కు వెనక తెలీలేదు. "ఇది ఎలా ఊడుతుంది బాబాయ్‌గారూ? నాకు చూపించండి."

ఆ ప్రశ్నకి ఈ భూమ్మీద ఆయనకంటే బాగా జవాబు చెప్పగలవాళ్ళు లేరు. ఎక్స్‌రే ఫిలింనే గొట్టంలా చుట్టి, సెట్టు అందులో దూర్చి, పొడుగు పటకారుతో ఎలా పట్టుకోవాలో చెప్పాడు. తిన్నగా లాగకూడదు. ముందు పలక మధ్యలో పట్టుకోవాలి, కుడికి కాస్త తిప్పాలి, ఎడమ కొస కడుపు గోడ నించి విడిపడ్డాకే పైకి లాగాలి. ఫిలిం గొట్టంలోంచి అయిదుసార్లు తీసింది డాక్టరమ్మ. రెండుసార్లు గీసుకుంది. మూడుసార్లు శుభ్రంగా వచ్చింది.

తరవాత నిజం గొంతు. మౌనిగారికి మత్తిచ్చి, ఆ వెడల్పాటి నోరు తెరిచి, చివర దీపమున్న సన్నటి గొట్టం లోపలికి పంపారు. పళ్ళాయన డాక్టరమ్మ భుజం పక్కన, బొక్కినోటితో, కనురెప్ప కూడా వెయ్యకుండా నిలబడ్డాడు. "కుడికి... ఇంకొంచెం... అక్కడ పట్టుకోండి... లాగొద్దు, లాగొద్దు. తిప్పండి. మనిషి నోరే అనుకోండి, నొప్పి పుడితే తిడతారనుకోండి." ఆవిడ వెనకవైపు మౌనిగారి కాళ్ళు రెండూ పట్టుకుని ఉంది. ఆమె కళ్ళు మౌనిగారి మీదా లేవు, మొగుడి మీదా లేవు, గోడ మీద క్యాలెండరు మీద ఉన్నాయి.

అరగంటకి బయటికొచ్చింది. గులాబీరంగు పలక తొట్టినీళ్ళ రంగుకి తిరిగింది. పళ్ళు నాలుగూ పాతకాలపు దంతపు గుండీల్లా ఉన్నాయి. ఎడమ కొక్కెం కొసకి ఒక సన్నటి నెత్తుటి దారం.

"పుండు పడింది," అంది డాక్టరమ్మ. "మందులిస్తాను. కానీ దానంతటది తినాలి. ఇంత నీరసంలో బలవంతంగా పెట్టలేం. రెండు వారాల్లో తినకపోతే..." అని మందుల చీటీ రాసిచ్చింది.

రోడ్డు మీద నడుస్తూ ఆవిడే మొదలుపెట్టింది. "రోజూ పొద్దున్నే జల్లెడ పట్టారు."

"ఆఁ."

"నేను మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పాను."

"విన్నాను."

"విన్నారా!" అంది. ఆయన తిట్ల కోసం ఎదురుచూశాడు. అవి వస్తే బతికిపోదామనుకున్నాడు. బజారు మలుపు దగ్గర ఆవిడ ఆగింది. "ముందెళ్ళి చేపలామెకి చెప్పి రండి. నేనూ క్షమించమని చెప్పుకుంటాను, నా వంతు నేను. మీ వంతు మాత్రం పళ్ళు తీసి చెప్పండి. లేకపోతే నమ్మదు."

తీసే చెప్పాడు. చేపలామె మొదట అర్థంకాక చూసింది. తరవాత నవ్వింది. పక్క గట్ల వాళ్ళని పిలిచి, రెండోసారి చెప్పించుకుని, కడుపు పట్టుకుని మళ్ళీ నవ్వింది. ఉన్నట్టుండి ఆగి, "నవ్వానని క్షమించేశాననుకోకు బాబూ" అంది. నాలుగు చిన్నచేపలు నీళ్ళసంచీలో వేసి ఆయన చేతిలో పెట్టింది. "ఇవి తాబేలుకి. నీకు కాదు."

ఆ తరవాతి రోజులు అంతకు ముందు రోజుల కంటే ఘోరం. అప్పుడు కనీసం దాచుకోవడానికి ఒక పని ఉండేది. ఇప్పుడు చూడడం తప్ప ఏమీ లేదు. ఆవిడ ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. తలుపు మీది పలకలో కొత్త మాట చేరింది, మిగతావాటికంటే పెద్ద అక్షరాలతో: "పళ్ళు." గుమ్మం పక్క అరలో ఒక గాజు గ్లాసు పెట్టింది. పళ్ళాయన ఇంటికి రాగానే సెట్టు ఆ గ్లాసులో వేసి, స్టూలు మీద కూర్చునేవాడు. ఫిర్యాదులు చెప్పడం మానేశాడు. ఎవరి మీద చెప్తాడు?

మూడో రోజు తినలేదు. ఆరో రోజు తినలేదు. చేపలు చచ్చిపోతే చేపలామె వేరేవి పంపేది. తొమ్మిదో రోజు మౌనిగారు ముక్కు పైకెత్తడానికి ఎంతసేపు పట్టిందంటే, అయిపోయిందనుకుని ఆవిడ చెయ్యి నీళ్ళలో పెట్టేసింది. గడ్డం కింద చెయ్యి ఆనించి పైకి లేపింది. గొట్టం కొస నీటిపైకి వచ్చి, ఒక చిన్న బుడగ పగిలింది. ఆవిడ అలాగే, చెయ్యి తియ్యకుండా మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఆఫీసుకి వెళ్ళలేదు. పళ్ళాయన వెనక నిలబడి, "నేను పట్టుకుంటాను, నువ్వు కాస్త లే" అన్నాడు. ఆవిడ పక్కకి జరిగింది. అంతే. ఆ జరగడమే ఆయనకి పదిరోజుల్లో దొరికిన మొదటి మాట.

పదమూడో రోజు పొద్దున. ఆవిడ వంటింట్లో ఉంది. పళ్ళాయన ఒక్కడే తొట్టి దగ్గర, బోసినోటితో. నాలుగు చేపలు తిరుగుతున్నాయి. ఒకటి, అన్నిట్లోకీ చిన్నది, ఆకుల మీదుగా వచ్చి మౌనిగారి ముక్కు ముందు ఆగింది. నీళ్ళు ఒక్కసారి కదిలాయి. ఆకులు లేచి సర్దుకున్నాయి.

పళ్ళాయన లెక్కపెట్టాడు. మూడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మౌనిగారి నోటి మూలల నించి నీళ్ళు నింపాదిగా బయటికొస్తున్నాయి.

వంటింట్లోకి పరుగెత్తాడు. "తిన్నారు! మింగారు! నా కళ్ళతో చూశాను!"

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. మొహంలో సంతోషం రాబోయి, సగం దారిలో నిలిచిపోయింది.

"ముందు నోరు తెరవండి," అంది.

పళ్ళాయన నోరు తెరిచాడు. పై వరసలో ముందుభాగం ఖాళీ.

ఆవిడ మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఆయన కంగారుగా గుమ్మం వైపు వేలు చూపించాడు. ఆవిడ గరిటెతోనే పరుగెత్తి, అరలో గ్లాసు తీసి, వెలుతురుకి పట్టుకుంది. నీళ్ళలో నాలుగు పళ్ళు, రెండు కొక్కేలు, రెండు నున్నటి కొసలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గరిటె కొసతో చూపిస్తూ పైకే లెక్కపెట్టింది. గ్లాసు అరలో పెట్టింది. తొట్టి దగ్గరికెళ్ళి చేపలు లెక్కపెట్టింది. అప్పుడు స్టూలు మీద కూలబడి, గరిటె ఒళ్ళో పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చింది. పళ్ళాయన ఏం చెయ్యాలో తెలీక, గోడకున్న నోటుపుస్తకం దారంతో సహా లాగి ఆవిడ చేతికిచ్చాడు.

తేదీ వేసింది. "తిన్నది" అని రాసింది. కాసేపు ఆలోచించి, పక్కన "చేప" అని రాసి, దానికింద రెండు గీతలు గీసింది.